కొరికిన చోటు

నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని హోసియత్ అత్తగారి వీపు తుడవడం మొదలుపెట్టింది. వీపు అనడానికి అక్కడ ఎముకలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. గుడ్డ పిండి, మళ్ళీ ముంచి, చంకల కింద తుడిచి, పొడి తువ్వాలు కప్పింది. ఇంతసేపూ ఆమె ఎడమ దవడన గోళీకాయంత ఎండు పెరుగు ఉండ ఉంది. రాయిలా గట్టిగా, ఉప్పగా ఉండే ఆ ఉండను పద్నాలుగు రోజులుగా నిద్ర లేస్తూనే నోట్లో వేసుకుంటోంది. ఒకటి కరిగేలోపు ఇంకొకటి. పళ్ళకి ఏదో ఒక పని అప్పజెప్పాలి. లేకపోతే అవి తిన్నగా కింది పెదవి మీదికి పోతాయి.

బొగ్గు పొయ్యి పక్కనున్న అద్దం ముక్క ముందు నిలబడి పెదవిని వేలితో కిందికి మడిచి చూసుకుంది. రెండు వారాల కిందట అక్కడ చర్మం తెల్లగా పాలిపోయి, నీళ్ళలో నానిన కాగితంలా పొరలు లేచి ఉండేది. నొప్పి లేదు. నాలుక కొసకి గరుకుగా తగిలేది. తగిలిన పొరను పళ్ళు పట్టుకుని పీకేవి. పీకిన చోట ఇంకో పొర లేచేది. అన్నం తిన్నంత మామూలుగా ఏళ్ళ తరబడి జరిగిన పని అది. ఇవాళ ఆ చోటు గులాబీ రంగులో దాదాపు నున్నగా ఉంది. ఎడమ మూలన గోరంత తెలుపు మాత్రం మిగిలింది.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆ పెదవిని డాక్టరుకి చూపించాలి.

ఆమె పిల్లల బడిలో వంటమనిషి. పలకా బలపం పట్టని పసిపిల్లలు నూటపది మందికి రెండు పూటలా వండి పెడుతుంది. వంటింటి వాళ్ళందరికీ ఏటా వసంతంలో ఆరోగ్య పుస్తకంలో ముద్ర పడాలి. ఇరవై రెండేళ్ళు ఆ ముద్ర నిమిషంలో పడిపోయేది. ఈసారి కొత్తగా వచ్చిన నర్సు నోరు తెరవమని, పెదవి మడిచి చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది. నాస్ పెడతావా అని అడిగింది, వరసలో పదిమంది వింటుండగా. మా ఇస్ఫరా ఊళ్ళో మగవాళ్ళు ఆ పచ్చటి పొగాకు పొడిని పెదవి కింద దట్టించుకుని వీధంతా ఉమ్ముతూ తిరుగుతారు. వాళ్ళనెవరూ ఏమీ అనరు. ఆడది పెట్టిందంటే మాత్రం దాని చేతి నీళ్ళు ముట్టరు. హోసియత్ తల అడ్డంగా ఊపింది గానీ అప్పటికే మాట వరస చివరిదాకా పోయింది. వారం తిరక్కుండా పిల్లల తల్లులు బడి గేటు దగ్గర గుసగుసలు మొదలుపెట్టారు. బడి పెద్దమ్మ పిలిచి, ముద్ర పడితే సరే, లేకపోతే ఆ మర్నాటి నుంచి వంటింట్లో అడుగుపెట్టొద్దని మర్యాదగానే చెప్పింది.

డాక్టరు ఖలీలోవ్ మాత్రం తొందరపడలేదు. రెండు వారాలు పెదవి జోలికి పోవద్దన్నాడు. తెలుపు పోతే అది పళ్ళు చేసిన పని, పోకపోతే ముక్క కోసి పరీక్షకి ఖుజంద్ పెద్దాసుపత్రికి పంపాలి. అంతే.

"కోడలా" అంది సారాబీబీ, పక్క మీద నుంచి.

"ఆఁ, అత్తమ్మా."

"గోడ మీది రొట్టె దించు."

హోసియత్ తువ్వాలు మడత పెడుతున్నదల్లా ఆగింది. తూర్పు గోడకి మేకు, మేకుకి తెల్లగుడ్డ సంచి, సంచిలో రొట్టె. ప్రయాణమయ్యే మనిషి గుమ్మం దాటే ముందు అప్పుడే కాల్చిన రొట్టెను ఒక్క కొరుకు కొరికి వెళ్తాడు. మిగిలింది గోడకి వేలాడుతుంది. తిరిగొచ్చాక తనే దాన్ని పూర్తి చేస్తాడు. రొట్టె మిగిలున్నంత కాలం మనిషి తిరిగొచ్చే దారి తెరిచే ఉంటుందని మా నమ్మకం. హోసియత్ భర్త నుస్రత్ సైన్యానికి వెళ్తూ కొరికి వెళ్ళాడు. అప్పటికి పెళ్ళయి నలభై మూడు రోజులు.

"వాడు రాడులేవే" అంది ముసలావిడ. గొంతు సన్నగా ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. "నాకు తెలీదనుకున్నారా మీరంతా? ఇరవై ఏడేళ్ళు. వాడి రొట్టె సగంలో ఉండిపోయింది. కన్నదాన్ని, నేనే దాన్ని పూర్తి చేసి పోతాను. టీలో నానబెట్టి పెట్టు."

"పని నుంచి వచ్చాక పెడతానత్తమ్మా. సాయంత్రం."

"సాయంత్రం దాకా ఉంటాలే."

హోసియత్ పళ్ళు పెదవిని వెతుక్కున్నాయి. ఆమె నాలుకతో పెరుగు ఉండను ముందుకి తోసి వాటి మధ్య పెట్టింది. పక్కింటి ఓయ్‌దిన్‌ని కేకేసి, కాస్త కూర్చోమని అప్పజెప్పి, తలగుడ్డ బిగించుకుని బయటపడింది.

బడి వంటింట్లో రెండు పెద్ద అల్యూమినియం గిన్నెలున్నాయి. ఒకదాని మీద ఎర్ర రంగుతో ఒకటి అనీ, రెండో దాని మీద రెండు అనీ రాసి ఉంటుంది. ఒకటో దాంట్లో చారు, రెండో దాంట్లో అన్నమో జావో. హోసియత్ క్యారెట్లు నిలువునా చీలుస్తోంది. ఆమె చేతులు మణికట్టు దాకా ఎర్రగా, పైన తెల్లగా ఉంటాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో గిన్నె మూత మీదపడి నలిగింది, మళ్ళీ సరిగా పెరగలేదు. మనిషి పొట్టి. నడుము దగ్గర కాస్త వంగింది. మాట్లాడటం తక్కువ. ఏదైనా అడిగితే జవాబు వచ్చేలోపు కింది పెదవి లోపలికి పోతుంది, గడ్డం మీద చిన్న గుంట పడుతుంది. పిల్లలు ఆమెను అనుకరిస్తూ పెదవి లోపలికి మడుచుకుని ఒకళ్ళకొకళ్ళు చూపించుకుని నవ్వుతారు. ఆమె కూడా నవ్వేది.

ఎదురుగా పీటేసుకుని బంగాళాదుంపల తొక్క తీస్తున్నది మునవ్వర. పదిహేనేళ్ళుగా ఇద్దరూ ఒకే వంటింట్లో ఉన్నారు. మునవ్వర నోరు మంచిది కాదు, మనసుకి మాత్రం వంక పెట్టలేం.

"నీ పెదవికి ఇవాళేగా పెళ్ళిచూపులు?" అంది.

హోసియత్ తలూపింది.

"పౌడరు రాసుకుని పో. ఆ ఖలీలోవ్‌కి ఎటూ కళ్ళు సరిగా కనబడవు." గొంతు తగ్గించి, "ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. నువ్వు నిజంగా పెడుతున్నా నాకేం అభ్యంతరం లేదు. నేనెవరికీ చెప్పను కూడా" అంది.

పదిహేనేళ్ళ స్నేహితురాలు కూడా నమ్మలేదన్న మాట. హోసియత్‌కి కోపం రాలేదు గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నెపం పక్కన తరిగిపెట్టిన ఉల్లిపాయల మీదికి తోసేసింది. మునవ్వర నాలిక్కరుచుకుని, లేచి వెళ్ళి, గిన్నె కింద మంట అనవసరంగా పెంచింది.

పద్నాలుగు రోజులుగా హోసియత్‌కి అర్థమవుతున్నదొకటే. పెదవి కొరక్కుండా ఉండటం కష్టం కాదు. కొరక్కుండా ఉన్నప్పుడు గుర్తొచ్చేవాటితో ఉండటమే కష్టం.

కొత్త కోడలుగా వచ్చినప్పుడు అలవాటైంది అది. మా ఇళ్ళలో కొత్త కోడలు పెద్దవాళ్ళ ముందు నోరు విప్పదు, వంగి దణ్ణం పెడుతుంది, టీ పోస్తుంది. మాట వస్తే పళ్ళతో ఆపుకుంటుంది. అందరూ ఏడాదికో రెండేళ్ళకో, ఒక బిడ్డ పుట్టాకో దాన్నుంచి బయటపడతారు. హోసియత్‌కి బిడ్డ పుట్టలేదు. ఏడాది తిరిగేసరికి మొగుడు సీలు వేసిన పెట్టెలో వచ్చాడు. పెట్టె తెరవొద్దని పక్కన సైనికుడు నిలబడ్డాడు. సారాబీబీ ఆ పెట్టెను ఊరి శ్మశానానికి పంపించిందే గానీ, గోడ మీది సంచి దించనివ్వలేదు. చూశావా లోపల? నువ్వు చూశావా? అని వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగింది. చూసినవాళ్ళెవరూ లేరు. హోసియత్ అన్న వచ్చి చెల్లెల్ని తీసుకుపోతానన్నాడు, ఇరవయ్యేళ్ళ పిల్ల, ఇంకో ఇంటికి ఇచ్చుకుంటామన్నాడు. సారాబీబీ వద్దనలేదు. వెళ్తే వెళ్ళమను, వాడొచ్చి నా పెళ్ళామేదంటే ఏం చెప్పాలో అదొక్కటి చెప్పి వెళ్ళమను అంది. రొట్టె గోడ మీద ఉన్న మనిషి పెళ్ళాన్ని ఎవరు చేసుకుంటారు? అన్న ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఇదంతా ఊరందరికీ తెలుసు. తెలియనిది తర్వాతి సంగతి.

దేశంలో అంతర్యుద్ధం వచ్చిన చలికాలం. మా వైపు తుపాకులు పేలలేదు గానీ రైళ్ళు ఆగిపోయాయి, పిండి ఆగిపోయింది, పిల్లల బడి మూతపడింది. జనం దొరికినన్నాళ్ళు తవుడు తిన్నారు, ఆ తర్వాత చేదు ఆప్రికాట్ గింజల్ని నానబెట్టి తినబోయి ఆసుపత్రుల పాలయ్యారు. ఒకరోజు మధ్యాహ్నం సారాబీబీ రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడటానికి వెళ్ళింది. ఇంట్లో హోసియత్ ఒక్కతే ఉంది. అప్పటికి రెండు రోజులుగా కడుపులోకి ఏమీ పోలేదు. మేకు దగ్గరికి తనెలా వెళ్ళిందో ఆమెకి గుర్తు లేదు. పదేళ్ళ నాటి రొట్టె, బూడిదరంగుకి తిరిగి చెక్కలా ఉంది. మంచు కరిగించిన నీళ్ళలో నానబెట్టుకుని మొత్తం తినేసింది. పొడి కూడా వేలితో అద్దుకుని తిన్నది. సాయంత్రం సారాబీబీ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆ పూట అత్తగారికి మరిగిన నీళ్ళలో ఉప్పేసి ఇచ్చింది.

తాకితే రొట్టెలా తగలాలని హోసియత్ సంచిలో గిన్నె మీది చెక్క మూత పెట్టింది. ముసలావిడ రోజూ పొద్దున ఆ సంచిని తాకి కళ్ళకద్దుకునేది, విప్పేది కాదు. ఏడాదికొక్కసారి, నుస్రత్ వెళ్ళిన రోజున మాత్రమే విప్పుతుంది. ఆ రోజు రాకముందే పిండి దొరికింది. హోసియత్ ఒక రొట్టె కాల్చి, తందూరు పొగలో నల్లబడేదాకా ఎండబెట్టి, కొరికింది. నుస్రత్‌ది పెద్ద దవడ, ఆమెది చిన్న నోరు. పక్కపక్కనే రెండు కొరుకులు కొరికితే గానీ ఆ వెడల్పు రాలేదు. రెండింటి మధ్యా చిన్న గట్టు మిగిలింది. అప్పటి నుంచి ప్రతి శరదృతువులోనూ సారాబీబీ ఆ రొట్టె ఒళ్ళో పెట్టుకుని కొరికిన అంచు వెంట వేలు పోనిస్తుంది. గట్టు దగ్గర వేలు ఎక్కి దిగుతుంది. ఎదురుగా కూర్చున్న హోసియత్ పెదవి నమిలేస్తూ ఉంటుంది.

ఇవాళ ఆ రొట్టెను తినిపించాలి. రొట్టె మీద ఒట్టు పెట్టి అబద్ధమాడినవాడు బాగుపడడని ఈ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఈమె ఏకంగా రొట్టెనే అబద్ధంగా చేసి గోడకి తగిలించింది. నోరు మూసుకుంటే ముసలావిడ తృప్తిగా పోతుంది, కోడలి పంటి గాటుని కొడుకుదనుకుని మింగి. చెప్తే ఆ మాత్రం తృప్తి కూడా ఉండదు. క్యారెట్లు అయిపోయాయి. పిల్లలకి అన్నం పెట్టే వేళైంది. హోసియత్ రెండో గిన్నె మూత తీసి గరిటె ముంచింది.

మూడింటికి ఖలీలోవ్ దీపం దగ్గరికి లాక్కుని, ఆమె పెదవిని గాజుగుడ్డతో పట్టుకుని తిరగేశాడు. ఎడమ మూలన ఉన్న తెలుపుని చెక్క పుల్లతో గీరి చూశాడు. నున్నబడిన చోట వేలితో నొక్కాడు. ముసలాయన ఊపిరి యాలకుల వాసన వేసింది.

"నాస్ కాదు. రాచపుండూ కాదు. నీ పళ్ళే" అన్నాడు. "ఇన్నాళ్ళ నుంచీ లోపల ఏం నములుతున్నావమ్మా?"

"అలవాటండీ."

"వదిలేస్తే చర్మం తనే వస్తుంది, చూశావుగా. మళ్ళీ మొదలుపెట్టావా, మళ్ళీ అదే తెలుపు. దానికి నా దగ్గర మందు లేదు."

ముద్ర పడింది. బయట వరస దగ్గర ఉన్న ఆ కొత్త నర్సు ఆమె వైపు చూసి, తల తిప్పుకుంది. హోసియత్ పుస్తకాన్ని కోటు జేబులో పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళ పని నిలిచింది, పేరు నిలిచింది, సంతోషించాల్సిన సమయమే. రెండో జేబులో చెయ్యి పెట్టి వెతికింది. పెరుగు ఉండలు అయిపోయాయి. కొట్టు దారిలోనే ఉంది, ఆగి కొనుక్కోవచ్చు. ఆమె ఆగలేదు. ఆప్రికాట్ తోటలు పూత మీదున్నాయి, కాలవ గట్టంతా తెల్లటి రేకులు పడి ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ ఇంటికి నడిచింది.

ఓయ్‌దిన్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముసలావిడ పొద్దుటి నుంచి చుక్క నీళ్ళు కూడా మింగలేదని, కోడలు వచ్చాకే అంటోందని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

హోసియత్ చేతులు కడుక్కుంది. పీట వేసుకుని సంచి దించింది. మేకు చుట్టూ గోడ మీద గుండ్రంగా, సంచి ఉన్న మేర, సున్నం తెల్లగా మిగిలి ఉంది. రొట్టెను పెద్ద పింగాణీ గిన్నెలో పెట్టి పైన వేడి టీ పోసింది. ఎండిన రొట్టె వెంటనే మునగలేదు, ఒక పక్కకి ఒరిగి, కొరికిన అంచు పైకి తేలింది. అత్తగారి తల కింద ఇంకో దిండు పెట్టి, పక్కన కూర్చుంది. చెంచా తీసుకుంది. మెత్తబడిన చోట నుంచి చిన్న ముక్క విడదీసింది. ముసలావిడ నోరు తెరిచింది. పిట్టపిల్ల తెరిచినట్టు, నమ్మకంగా.

చెంచా మధ్యలో ఆగిపోయింది.

"అత్తమ్మా, ఇది ఆయన రొట్టె కాదు."

సారాబీబీ నోరు అలాగే తెరుచుకుని ఉంది.

"ఆకలి చలికాలం ఆయన రొట్టె నేను తినేశాను. మీరు వరసకి వెళ్ళినప్పుడు. ఇది తర్వాత నేను చేసి పెట్టింది. కొరికింది కూడా నేనే."

ఇన్నేళ్ళ మాట, ఇంత చిన్నదైంది. హోసియత్ ఏడవలేదు. చెంచా లోంచి టీ దుప్పటి మీద బొట్లు బొట్లుగా పడింది. బయట ఎవరో తందూరులో పుల్లలు విరిచి వేస్తున్నారు, ఆ చప్పుడు వినిపిస్తోంది. ముసలావిడ నోరు మూసుకుని, తడి చేసుకుని, అడిగింది.

"వాడు కొరికిన చోటు కూడా తిన్నావా?"

"అక్కడే మొదలుపెట్టానత్తమ్మా."

"వాడి నోరు తగిలిన చోటు."

"అవును."

సారాబీబీ కళ్ళు పైకప్పు దూలాల మీద ఉన్నాయి. గదిలో వెలుతురు ఇంకా ఉంది. ఆమె చెయ్యి దుప్పటి మీద ఏదో వెతుకుతున్నట్టు కదిలింది. ఒక వేలు గాల్లో ఒక అంచు వెంట పోయినట్టు పోయి, ఒక చోట ఎక్కి దిగింది.

"నాకో ముక్క ఉంచాల్సింది" అంది.

తిట్టినట్టు లేదు. తిట్టినా బాగుండేది. హోసియత్ చెంచా మళ్ళీ దగ్గరికి తీసుకెళ్ళింది, కాస్త టీ అయినా తాగమంది. ముసలావిడ పెదవులు బిగించుకుంది. తల నెమ్మదిగా గోడ వైపు తిప్పుకుంది, మేకు ఉన్న గోడ కాదు, రెండో వైపుది. ఆ తర్వాత నీళ్ళిచ్చినా తీసుకోలేదు, పిలిచినా పలకలేదు. హోసియత్ అలాగే కూర్చుని, దుప్పటి పైకి లేవడం, దిగడం చూస్తూ ఉంది. సాయంకాలం నమాజు పిలుపు వినిపించి ఆగిపోయింది. ఎప్పుడో దుప్పటి లేవడం మానేసింది. ఆమె ఇంకాసేపు చూసి, లేచి, ఓయ్‌దిన్‌ని పిలవడానికి పక్కింటి గోడ దగ్గరికి వెళ్ళింది.

ఆడవాళ్ళు వచ్చారు. కళ్ళు మూశారు. దవడ జారకుండా తెల్లగుడ్డతో కట్టబోతూ, ఈ పెదవులు ఎంత గట్టిగా బిగించుకుందో చూడండి, ఏం పట్టుకుపోతోందో అనుకున్నారు. మునవ్వర కూడా పరుగున వచ్చింది. తనే హోసియత్ కోటు జేబులోంచి పుస్తకం తీసి, ముద్ర ఉండటం చూసి, దాన్ని మళ్ళీ అక్కడే పెట్టి, ఆమెను గట్టిగా పట్టుకుని భోరుమంది. హోసియత్ ఆ భుజం మీద తల పెట్టి నిలబడింది. నోట్లో ఉప్పగా, ఇనుము రుచి తగిలింది. ఎప్పుడు కొరికిందో ఆమెకే తెలియదు. నాలుక పోయి కింది పెదవి లోపల చూసింది, అక్కడ చర్మం ఒక పొర లేచి ఉంది. పళ్ళు దాన్ని పట్టుకున్నాయి.

చాప పరవడానికి చోటు చేస్తున్న ఓయ్‌దిన్‌కి నేల మీద పింగాణీ గిన్నె కనిపించింది. రొట్టె కాళ్ళ దగ్గర ఉండకూడదు కదా. తీసి, పారబోయబోయి, పారబోయకూడదని గుర్తొచ్చి, ఎవరు తింటారని చుట్టూ చూసి, ఎవరూ చెయ్యి చాపకపోయేసరికి గూట్లో పైఅరలో పెట్టింది. గిన్నెలో రొట్టె చల్లారిన టీని పీల్చుకుని ఉబ్బి మెత్తబడింది, ఒక్క కొరికిన అంచు మాత్రం నానకుండా పైకి లేచి ఉంది, మధ్యలో ఆ చిన్న గట్టుతో.